రెండు రికార్డులూ ఒకటే పంపారు, రెండోది ఎక్కడ?

కస్టమర్ కేర్ వాళ్లకి,

ఇది మీకు నా నాలుగో మెయిల్, ఈసారైనా ఆటోమేటిక్ రిప్లై కాకుండా మనిషెవరైనా చదివి జవాబిస్తారేమో అని చూస్తున్నా. పోయిన నెల మీ దగ్గర జాజ్ గాయకుడు గ్రెగరీ పోర్టర్ 'లిక్విడ్ స్పిరిట్' ఆల్బమ్ వినైల్ రికార్డు తీసుకున్నా, 3,900 రూపాయలు. రెండు రికార్డుల సెట్ అది, మొత్తం 14 పాటలు. విప్పి చూస్తే రెండు కవర్లలోనూ మొదటి రికార్డే! రెండిటి మీదా ఎ, బి సైడ్లే, సి, డి ఉన్న రికార్డు అసలు లేనే లేదు.

ఫోన్ చేస్తే మీ అమ్మాయి "సార్ రెండు డిస్కులు అందాయి కదా, మరి ప్రాబ్లం ఏంటి" అంది. తర్వాత ఇంకొకాయన ప్లేయర్ ముల్లు మార్చి చూడమన్నాడు. ముల్లు మారిస్తే బి సైడ్ కాస్తా డి సైడ్ అయిపోద్దా అండీ? లేబుల్ మీద అక్షరాలు కనబడేలా జూమ్ చేసి మరీ ఫొటోలు పంపా, అన్‌బాక్సింగ్ వీడియో లేదు కాబట్టి రిటర్న్ కుదరదంట. బాక్స్ మీద "క్వాలిటీ చెక్ కోసం తెరిచాం" అని మీ స్టిక్కరే ఉంది. సీల్ తీసింది మీరు, వీడియో నేను తియ్యాలా?

ఇక మిగతా పాటలు యాప్‌లో వినేయండి అన్న సలహా మరీ ఘోరం. యాప్‌తో సరిపెట్టుకునేవాడినైతే ఇంత డబ్బు పోసి ఎందుకు కొంటా? 2013లో వచ్చిన ఈ ఆల్బమ్‌కి తర్వాతేడు జాజ్ వోకల్ గ్రామీ అవార్డు కూడా వచ్చింది, అది పక్కన పెట్టండి, నాకు కావాల్సింది చివరి రెండు పాటలు. చప్పట్లతో ఊగించే టైటిల్ పాట మొదటి రికార్డులోనే ఉంది, సరే (పోర్టర్ వాళ్లమ్మ చర్చిలో బోధకురాలు, ఆ గొంతులో అది తెలిసిపోద్ది), కానీ ఆ హుషారంతా దిగాక 'వెన్ లవ్ వాజ్ కింగ్' వచ్చి, దాని వెనకే 1945లో అమెరికన్ గాయకుడు ఫ్రాంక్ సినాట్రా సినిమాలో పాడిన 'ఐ ఫాల్ ఇన్ లవ్ టూ ఈజీలీ'ని ఈయన ఆ బరువైన గొంతుతో తాపీగా పాడతాడు చూడండి, దానికోసమే కొన్నా. అదే లేదు.

నా అనుమానం ఏంటంటే రెండు సెట్లు ఒకేసారి తెరిచి కలిపేశారు మీరు. అలా అయితే ఎవరింట్లోనో రెండూ రెండో రికార్డులే ఉండుంటాయి, పాపం ఆయన కూడా మీకు మెయిల్స్ పెడుతూ ఉండుంటాడు, ఓసారి మీ కంప్లైంట్లలో వెతకండి. నా రెండో రికార్డు పంపి ఎక్కువొచ్చింది తీసుకెళ్లండి, కాదంటే డబ్బు మొత్తం వెనక్కి వేసి పికప్‌కి మనిషిని పంపండి. 10 శాతం కూపన్ మాత్రం నాకొద్దు. వంగిపోకుండా రెండూ నిలబెట్టే ఉంచా, కొరియర్ అబ్బాయికి కూడా పడుకోబెట్టి పైన బరువులు పెట్టొద్దని చెప్పండి.