నీ క్యాలెండర్‌లో ఏ రోజులు వేయాలంటే...

ఒరేయ్ బావా,

ఎలా ఉన్నావు? చెల్లెమ్మా, పిల్లలూ కులాసానా? మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి సెక్రటరీ అయ్యావని విన్నప్పుడే అనుకున్నా, వీడు ఊరికే కూర్చోడని. అన్నట్టే వచ్చే ఏడాదికి సొంత క్యాలెండర్ అచ్చేయిస్తానంటున్నావు. పండగలూ, తిథులూ పంచాంగం చూసి వేసేస్తావు సరే, దినోత్సవాల సంగతి మాత్రం "బడిపంతులువి, నీకే తెలియాలి" అని నా నెత్తిన పెట్టావు. ఫోన్లో చెప్తే సగం విని సగం గాలికొదిలేస్తావు. అందుకే తీరిగ్గా ఉత్తరం రాస్తున్నా.

ముందే చెప్తున్నా, అన్నీ వేయకు. మా బడికి ఏడాది పొడవునా సర్క్యులర్లు వస్తూనే ఉంటాయి. ఫలానా దినం జరపండి, ప్రతిజ్ఞ చేయించండి, ఫొటోలు తీసి అప్‌లోడ్ చేయండి. పొద్దున ప్రార్థనలో నాలుగు ముక్కలు మాట్లాడతాం, బ్యానర్ పట్టుకుని నిలబడతాం, ఫొటో దిగుతాం. అంతే, మర్నాటికి పిల్లలకే కాదు, మాట్లాడిన నాకే గుర్తుండదు. ఇన్నేళ్లుగా చూస్తున్నా కదా, చేయడానికి ఏదో ఒక పని ఉన్న రోజే జనానికి పడుతుంది. లేదంటే వెనక గట్టి కథైనా ఉండాలి. రెండూ లేనివి నీ గడుల్లో వేసి చోటు పాడుచేసుకోకు.

పని ఉన్న రోజంటే నాకు మొదట గుర్తొచ్చేది ఫిబ్రవరి 10, జాతీయ నులిపురుగుల నివారణ దినోత్సవం. నవ్వకు. 2015లో మొదలైంది. ఏడాది నిండిన పాపాయి దగ్గర్నుంచి 19 ఏళ్ల పిల్లల దాకా అందరికీ ఆల్బెండజోల్ మాత్ర. మళ్లీ ఆగస్టులో ఇంకో విడత. మా బడిలో మధ్యాహ్న భోజనం అవగానే ఊరి నర్సు ఏఎన్ఎం గారూ, ఆశా కార్యకర్తా క్లాసుకొస్తారు. 400 మిల్లీగ్రాముల మాత్ర, గుటుక్కున మింగకుండా నమిలి తినాలి. ప్రతిసారీ ఎవడో ఒకడు దవడలు మాత్రం తెగ ఆడించి, మాత్ర బుగ్గలో దాచుకుని, ఒంటేలుకి వెళ్తానని చిటికెన వేలు చూపిస్తాడు. ఏఎన్ఎం గారు వాడికంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. "వెళ్దువుగాని, ముందు ఈ నీళ్లు తాగి మీ ఊరి పేరు, ఇంటిపేరు, మీ నాన్న పేరు గట్టిగా చెప్పు" అంటుంది. మూడో పేరు వచ్చేసరికి మాత్ర లోపలికి పోతుంది. ఆ పూట జ్వరంగా ఉన్నవాళ్లకీ, బడికి రానివాళ్లకీ తర్వాత ఇంకో రోజు ఇస్తారు. ప్రసంగాల్లేవు, శాలువాల్లేవు. ఒక్క మాత్ర, రిజిస్టర్‌లో ఒక టిక్కు. మీ అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ పిల్లలున్నారు, పనివాళ్ల పిల్లలున్నారు, కార్పొరేట్ స్కూలుకెళ్లే మీవాళ్లూ ఉన్నారు. పురుగులకి ఆ తేడా తెలియదు. కాబట్టి ఇది పెద్ద అక్షరాల్లోనే వేయి.

పల్స్ పోలియో కూడా అంతే. 1995లో మొదలుపెట్టారు. మనం డిగ్రీ రోజుల్లో బస్టాండులో వాలంటీర్లుగా నిలబడి, దిగిన పిల్లాడినల్లా పట్టుకుని ఎడమచేతి చిటికెన వేలు చూసేవాళ్లం, గుర్తుందా? ఇంకు మరక లేకపోతే చుక్కలు. దేశంలో చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్లోని హౌరాలో బయటపడింది. 2014 మార్చి 27న మనకి పోలియో లేదని సర్టిఫికెట్ వచ్చింది. ఆదివారం పొద్దున్నే ఐస్‌బాక్సు భుజానేసుకుని ఇంటింటికీ తిరిగిన ఆడవాళ్లు సాధించినదది. ఆ ఆదివారం ఏదనేది సర్కారు ప్రకటించాకే తెలుస్తుంది గనక క్యాలెండర్‌లో ముందే వేయలేవు. మీ లిఫ్టు దగ్గర బోర్డు పెట్టించు, చాలు.

ఇప్పుడు నువ్వు అస్సలు ఊహించనిది చెప్తా. ఏప్రిల్ 14 అంటే ఏమిటి? అంబేడ్కర్ జయంతి, సెలవు అంటావు. నిజమే, 1891లో ఆయన పుట్టిన రోజు. కానీ అదే తేదీన అగ్నిమాపక సేవా దినం కూడా ఉంది. 1944లో, యుద్ధం నడుస్తున్న రోజుల్లో, బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ ఆగి ఉంది. అందులో పత్తి బేళ్లు, పేలుడు సామగ్రి, వాటితోపాటు బంగారు కడ్డీలు కూడా! పత్తీ మందుగుండూ ఒకే ఓడలో ఎక్కించిన మహానుభావుడెవరో గానీ... మధ్యాహ్నం నిప్పంటుకుంది. ఆర్పడానికెళ్లిన ఫైర్ సిబ్బంది ఓడ మీద ఉండగానే సాయంత్రం నాలుగు దాటాక పేలిపోయింది. రేవుకు రేవే తగలబడింది. ఎన్నో ఏళ్ల తర్వాత కూడా రేవులో పూడిక తీస్తుంటే ఆ బంగారు కడ్డీలు దొరికాయట. అప్పుడు చనిపోయిన ఫైర్ సిబ్బంది గుర్తుగానే ఈ రోజు, 20 దాకా వారోత్సవాలు.

మీకు ఇందులో పనేమిటంటావా? పోయినసారి మీ ఇంటికొచ్చినప్పుడు లిఫ్టు పక్కన ఎర్ర సిలిండర్ చూశా. దాని ముందు ఎవరిదో పిల్లల సైకిలు, పైన గొడుగు తగిలించి ఉంది. దాని మెడకి ఒక చీటీ వేలాడుతుంటుంది, రీఫిల్ ఎప్పుడు చేశారో, మళ్లీ ఎప్పుడు చేయాలో అందులో రాసి ఉంటుంది. పక్కనే చిన్న మీటర్, ముల్లు పచ్చగీతలో ఉండాలి, ఎర్రలో ఉంటే అది అలంకారానికి తప్ప దేనికీ పనికిరాదు. ఏప్రిల్ 14 గడిలో "చీటీ చూడండి, ముల్లు చూడండి" అని వేయి. సెలవే కదా, జెండా కింద అంబేడ్కర్ ఫొటోకి దండ వేశాక అందరూ కలిసి ఐదంతస్తులూ ఒకసారి తిరిగి రండి.

జూన్ 14 రక్తదాతల దినం. రక్తంలో గ్రూపులున్నాయని కనిపెట్టిన లాండ్‌స్టైనర్ పుట్టినరోజు. వేసవిలో కాలేజీలు మూసేస్తారు, క్యాంపులుండవు, రక్తనిధులు ఖాళీ అవుతాయి. తలసీమియా పిల్లలకి మాత్రం సెలవులుండవు కదరా, వాళ్లకి ఎక్కించాల్సిందే. క్లబ్‌హౌస్‌లో క్యాంపు పెట్టించు. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు.

జూలై 1 డాక్టర్ల దినం. పేరుమోసిన డాక్టర్ బి.సి. రాయ్ 1882లో అదే తేదీన పుట్టి, 1962లో అదే తేదీన పోయారు. చార్టర్డ్ అకౌంటెంట్ల రోజు కూడా అదే, జీఎస్టీ మొదలైందీ అదే తేదీన. నీకు జీఎస్టీ అంటే బీపీ గనక డాక్టర్ల దినం వరకు వేసుకో.

ఆగస్టులో నాకు ఇష్టమైనవి రెండు. ఆగస్టు 7 చేనేత దినోత్సవం. 1905లో కలకత్తా టౌన్ హాల్లో స్వదేశీ ఉద్యమం మొదలుపెట్టిన తేదీ. 2015 నుంచి జరుపుతున్నారు. ఆ రోజు అందరూ చేనేత కట్టుకుని సెల్ఫీ దిగుతారు. తర్వాత మగ్గం వైపు చూసేవాడుండడు. నువ్వు ఆ వారం మీ సెల్లార్‌లో పోచంపల్లి వాళ్లకో, గద్వాల వాళ్లకో, మంగళగిరి వాళ్లకో ఒక బల్ల వేయించి అమ్ముకోనివ్వు. మధ్యలో దళారీ లేకుండా నేసినవాడి చేతికే డబ్బు వెళ్తుంది. రెండోది ఆగస్టు 29, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. మేం ఏటా ఇబ్బంది పడే రోజిది. ధ్యాన్‌చంద్ పుట్టినరోజు కూడా అదే కావడంతో జాతీయ క్రీడా దినోత్సవం కూడా ఆ రోజే. పీఈటీ గారు పిల్లల్ని గ్రౌండ్‌కి రమ్మంటారు, తెలుగు మేడమ్ హాల్లోకి రమ్మంటారు. పిల్లలు ఎటు పరిగెడతారో నీకు చెప్పక్కర్లేదు. హాల్లో మిగిలిన నలుగురి ముందు వక్తలు నోరు తిరగని గ్రాంథికంలో గిడుగు వారిని పొగుడుతుంటే ఆయన ఫొటోలోంచే లేచి వచ్చి తిడతారేమో అనిపిస్తుంది. జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని కొట్లాడిన మనిషి కదా. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ గిరిజనులు మాట్లాడే సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు, వ్యాకరణం తయారుచేశారు. నన్నడిగితే తెలుగు దినం కంటే ఆ సవర ముక్క పిల్లలకి చెప్పడం ముఖ్యం.

సెప్టెంబర్ 5 సర్వేపల్లి వారి పుట్టినరోజు, టీచర్స్ డే, నువ్వు వేయకపోతే నేనే ఊరుకోను. ఆ రోజు మా బడిలో పెద్ద పిల్లలే పంతుళ్లు. పోయినసారి తొమ్మిదో తరగతి అమ్మాయి నా క్లాసు తీసుకుంది. లోపలికొచ్చి కళ్లజోడు పైకెత్తి, డస్టర్‌తో బల్ల మీద రెండు దెబ్బలు కొట్టి, "లాస్ట్ బెంచీ... చూస్తున్నా" అంది. అచ్చం నేనే. స్టాఫంతా పగలబడి నవ్వారు.

సెప్టెంబర్ 17 దగ్గర కాస్త జాగ్రత్త. 1948లో హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసిన రోజు. విమోచన అని ఒకరు, విలీనం అని ఒకరు, సమైక్యత అని ఒకరు, ఇప్పుడు ప్రజాపాలన అని ఇంకొకరు. ఏ పేరు వేసినా మీ మీటింగులో కుర్చీలు లేస్తాయి. మీ దగ్గర రెండు రాష్ట్రాలవాళ్లూ ఉన్నారు. సంవత్సరం వేసి, జరిగింది ఒక్క వాక్యంలో రాసి ఊరుకో. జూన్ 2, నవంబర్ 1 రెండూ వేయి. పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు నిరాహారదీక్ష చేసి ప్రాణం విడిచిన డిసెంబర్ 15 కూడా వేయి.

నవంబర్ 14 బాలల దినం. ఇన్సులిన్ కనిపెట్టిన బాంటింగ్ పుట్టినరోజు కూడా అదే గనక ప్రపంచ మధుమేహ దినం కూడా. పిల్లలకి చాక్లెట్లు, తాతలకి షుగర్ టెస్టు, ఒకే టేబుల్ మీద కానిచ్చేయొచ్చు.

నవంబర్ 26 గురించి మాత్రం కొంచెం చెప్పాలి. 1949లో ఆ రోజు రాజ్యాంగాన్ని ఆమోదించారు. మరి జనవరి 26 దాకా ఎందుకు ఆగారని పిల్లలు ఏటా అడుగుతారు. 1929 డిసెంబర్‌లో లాహోర్ కాంగ్రెస్ పూర్ణ స్వరాజ్యం కావాలని తీర్మానించి, 1930 జనవరి 26ని స్వాతంత్ర్య దినంగా జరపమంది. ఆ తర్వాత ఏటా ఆ తేదీనే జెండాలు ఎగరేసేవారు. తీరా స్వాతంత్ర్యం వచ్చింది ఆగస్టు 15న. అన్నేళ్లు లాఠీదెబ్బలు తిన్న తేదీ ఉత్తినే పోకూడదని రెండు నెలలు ఆగి రాజ్యాంగాన్ని ఆ రోజు అమల్లోకి తెచ్చారు. పౌరసత్వం లాంటి కొన్ని అధికరణాలు మాత్రం నవంబర్ 26నే అమల్లోకి వచ్చేశాయి. ఈ కథ చెప్పిన రోజు నా క్లాసులో ఎవడూ కిటికీలోంచి బయటికి చూడడు. అన్నట్టు జనవరి 25 ఓటర్ల దినం, 1950లో ఎన్నికల సంఘం పుట్టిన రోజు. కొత్త ఓటుకి ఫారం 6, ఇల్లు మారితే ఫారం 8 అని పక్కన వేయి. మీ బ్లాకులో సగం మంది ఓట్లు ఇంకా పాత అద్దింటి చిరునామాలోనే ఉంటాయి, పందెం.

డిసెంబర్ 2 కాలుష్య నియంత్రణ దినం. 1984లో ఆ రాత్రి భోపాల్లో మిథైల్ ఐసోసయనేట్ అనే విషవాయువు లీకై వేలమంది పోయారు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ పక్కన ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ లీకైనప్పుడు మా పెద్దమ్మ కొడుకు వాళ్లు తడిగుడ్డలు ముక్కుకి కట్టుకుని పరిగెత్తారు. ఆ రోజు నుంచి ఈ దినం నాకు సర్క్యులర్‌లా కనిపించడం మానేసింది. దీని పక్కన జోకులేవీ వేయకు.

డిసెంబర్ 24 వినియోగదారుల దినం, 1986లో చట్టానికి రాష్ట్రపతి సంతకం పడిన రోజు. హెల్ప్‌లైన్ 1915. దాంతోపాటు చివరి అట్ట మీద ఫైర్ వాళ్లకి 101, ఆపదలో ఉన్న పిల్లలకి 1098, సైబర్ మోసాలకి 1930 నంబర్లు పెద్దగా వేయించు, కళ్లజోడు లేకుండా కనపడేలా.

అచ్చుకి ముందు ప్రూఫ్ నాకు పంపు. సంక్రాంతికి వచ్చేటప్పుడు రెండు కాపీలు తీసుకురా, ఒకటి మా ఇంటికి, ఒకటి స్టాఫ్‌రూమ్‌కి. మా హెడ్‌మాస్టారు దినోత్సవాలేవీ చూడరు గానీ రాహుకాలం లేకపోతే మాత్రం గోడకి తగిలించనివ్వరు. అది మర్చిపోకు.

ఉంటా మరి,
నీ బావ