పాత పుస్తకాలకి ప్లాస్టిక్ సీలెందుకు?

సంపాదకుల వారికి,

పాత పుస్తకాల షాపుకి వెళ్తున్నానంటే చాలామంది అడిగేది ఒకటే, ఏ పుస్తకం కావాలో చెప్తే ఫోన్‌లో ఆర్డర్ పెట్టేస్తాం కదా అని. ఏది కావాలో ముందే తెలిస్తే నేనూ ఆ పనే చేస్తాను, తెలియకే వెళ్తాను. ఫోన్‌లో పేరో, రచయితో, కనీసం విషయమో కొట్టాలి, ఆ తర్వాత అది చూపించేవన్నీ నేను ఇదివరకు కొన్నవాటి చుట్టూనే తిరుగుతుంటాయి. షాపులో అలా కాదు, జ్యోతిషం కింద రేడియో రిపేరు, దాని కింద అట్ట ఊడిన యాత్రాకథనం. రేడియో రిపేరుతో నాకు ఏ పనీ లేదు, అయినా నిలబడి అరగంట చదివేస్తాను!

పైగా పుస్తకాన్ని గుర్తుపట్టడానికి దానిమీద వేసే ఐఎస్‌బీఎన్ నంబరు అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చిందే 1970లో. అంతకుముందు ఆ నంబరు లేకుండా ఒకసారి అచ్చయి మళ్లీ ముద్రణకు నోచుకోని పుస్తకాలు బోలెడు. వాటిలో చాలావాటికి ఆన్‌లైన్‌లో ఆనవాలే దొరకదు, దొరికితే ఈ గుట్టల్లోనే దొరకాలి.

వాసన గురించి కూడా ఒక మాట. 19వ శతాబ్దంలో కలప గుజ్జుతో కాగితం చేయడం మొదలయ్యాక అందులో మిగిలిపోయే లిగ్నిన్ అనే కలప పదార్థం, ఆమ్లం కలిసి పేజీని పసుపుగా, పెళుసుగా మార్చేస్తాయి. లిగ్నిన్ విరిగిపోతున్నప్పుడే వెనిల్లా లాంటి ఆ వాసన వస్తుంది, అంటే మనం మురిసిపోయేది కాగితం పాడైపోతున్న వాసనకే. గుడ్డపీలికలతో చేసిన కాగితం మీద అచ్చయిన రెండొందల ఏళ్ల పుస్తకం, నిన్నగాక మొన్నటి పేపర్‌బ్యాక్ కంటే గట్టిగా కనిపించడం అందుకే.

ఇదంతా ఎందుకంటే, ఈమధ్య కొన్ని షాపుల్లో పాత పుస్తకాలను కూడా ప్లాస్టిక్ కవర్లో పెట్టి సీల్ చేసేస్తున్నారు. విప్పి చూస్తానంటే కొంటేనే విప్పాలన్నారు ఒక చోట. పేజీలను సాధారణంగా పదహారేసి చొప్పున ఒక్కో ఫారంగా మడిచి కుడతారు, కుట్టు వదిలి ఒక ఫారం జారిపోయిందంటే నవల మధ్యలో 16 పేజీలు గల్లంతు, తిప్పి చూడకుండా ఆ సంగతి ఎలా తెలుస్తుంది? మార్జిన్ రాతలు ఇంకో ఆకర్షణ. ఎవరో పెన్సిల్‌తో శ్రద్ధగా గీతలు కొట్టుకుంటూ వచ్చి, ఒక పేజీలో 'అబద్ధం' అని రాసి, అక్కడితో ఆపేసి ఉంటారు, నాకైతే ఆ పేజీ కోసమే పుస్తకం కొనాలనిపిస్తుంది.

దుమ్ము, చెమ్మ, దొంగతనాల భయం ఉంటాయి, కాదనను. అరుదైనవి, ఖరీదైనవి కౌంటర్ వెనక పెట్టుకుని అడిగినప్పుడు చూపించండి. మిగతావాటికి దయచేసి ఆ కవర్లు తీసేయండి, తిరగేసి చూశాక కొనేవాళ్లే మీకు ఎక్కువ.

- ఒక పాఠకుడు