రిస్టోర్ నొక్కకు

ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం
ఆదివారం

చిట్టితల్లీ,

"నాన్నా, ఐపాడ్ ఆన్ అవ్వట్లేదు" అని నువ్వు మెసేజ్ పెట్టి ఇరవై రెండు రోజులైంది. ఆ తర్వాత ఫోన్ లేదు. పనిలో ఉంటుందిలే అని మీ అమ్మకి చెబుతున్నాను. నువ్వు రూము మారావని పెద్దత్త అంది. ఆ సంగతి తర్వాత, ముందు ఐపాడ్ చూద్దాం.

కంప్యూటర్‌కి తగిలిస్తే, పాటలెక్కించే ఆపిల్ ప్రోగ్రామ్ ఐట్యూన్స్ "రిస్టోర్" చేయమనొచ్చు. నొక్కకు. అది డిస్కునంతా తుడిచేసి సాఫ్ట్‌వేర్ కొత్తగా వేస్తుంది. సినిమా పాటలు మళ్లీ ఎక్కించుకోవచ్చు. మామ్మ చేత పాడించిన పదకొండు లాలిపాటలు ఇంకెక్కడా లేవు. "డిస్క్ ఫార్మాట్ చేయాలా" అని విండోస్ అడిగినా క్యాన్సిలే.

పైన హోల్డ్ స్విచ్ చూడు. నారింజ రంగు కనబడితే తాళం పడినట్టు, బటన్లు పనిచేయవు. అటోసారి ఇటోసారి జరిపి, రంగు కనబడకుండా వదిలెయ్. తర్వాత 5 వోల్టుల గోడ ఛార్జర్‌కి పెట్టు, 1 యాంపియర్ చాలు. ల్యాప్‌టాప్‌కి వద్దు. బ్యాటరీ పూర్తిగా దిగిపోతే అరగంట దాకా స్క్రీను నల్లగానే ఉంటుంది. కంగారుపడి పీకకు, నాలుగు గంటలు అలాగే ఉంచు. ఈలోపు అన్నం తిను. రాత్రిపూట తినడం మానేశావట కదా.

చిన్న మామయ్య చేసిన పని నీకు తెలీదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను కొట్టాక పెదవాల్తేరులో వాళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. వాడిదీ ఇలాంటి ఐపాడ్ క్లాసిక్కే. సొరుగులో పడుండి పూర్తిగా దిగిపోయింది. కరెంటొచ్చిన రోజు అయిదు నిమిషాలు ఛార్జింగ్ పెట్టి, వెలగలేదని కూరగాయల చాకుతో మూత ఎత్తాడు. క్లాసిక్‌కి ముందూ వెనకా లోహమే. చుట్టూరా క్లిప్పులు గట్టిగా పట్టుకుని ఉంటాయి, అంచు ఒకసారి వంగితే మళ్లీ సరిగ్గా కూర్చోదు. పైగా బ్యాటరీ వెనక మూతకే అతికించి ఉంటుంది, దాన్నుంచి సన్నటి రిబ్బన్ బోర్డుకి పోతుంది. వాడు ఒక్క లాగు లాగేసరికి రిబ్బన్ సాకెట్‌తో సహా ఊడొచ్చింది. అసలు దానికి ఏ జబ్బూ లేదు. ఇంకో పాతిక నిమిషాలు ఆగితే లేచేది. తొందరపడి ఏదీ తేల్చేయకూడదమ్మా, ఉద్యోగమైనా, ఇల్లు మారడమైనా. సరే, వదిలేద్దాం.

ఛార్జయ్యాక మెనూ, మధ్య బటన్ రెండూ కలిపి 6 నుంచి 8 సెకన్లు నొక్కిపట్టు. ఆపిల్ గుర్తు రాగానే వదిలి, వెంటనే మధ్య బటన్, ప్లే బటన్ పట్టుకో. డిస్క్ మోడ్ వస్తుంది. అప్పుడు కంప్యూటర్‌కి తగిలించు, మనం విండోస్‌లోనే సెట్ చేశాం కాబట్టి పెన్‌డ్రైవ్‌లా కనబడుతుంది. దాచిన ఫైళ్లు చూపించే ఆప్షన్ ఆన్ చేసి, ఐపాడ్ కంట్రోల్ ఫోల్డర్ మొత్తం కాపీ చెయ్. లోపల మ్యూజిక్‌లో ఎఫ్ 00, ఎఫ్ 01 అని వరసగా ఫోల్డర్లుంటాయి. పాటలకి నాలుగక్షరాల అర్థంలేని పేర్లుంటాయి. భయపడకు, అసలు పేరు ఫైలు లోపలే ఉంది, ప్లేయర్‌లో తెరిస్తే వస్తుంది.

కాపీ అవుతుంటే చెవి ఆనించి విను. సన్నగా గుయ్‌మంటే డిస్కు బాగున్నట్టే. టక్ టక్‌మని ఆగాగి కొడుతోందంటే ఆ 1.8 అంగుళాల హార్డ్ డిస్క్ పోతోందని. అప్పుడు పదేపదే ఆన్ చేయకు, ఆపేసి నాకు పంపు. ముందు భాగానికీ వెనక మూతకీ మధ్య సందు కనబడితే బ్యాటరీ ఉబ్బినట్టు. ఛార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు. ఫ్రిజ్‌లో పెట్టమని ఎవరన్నా చెబితే వినకు, లోపల చెమ్మ పడుతుంది.

మన సముద్రపు గాలికి 30 పిన్ల సాకెట్‌లో పచ్చటి చిలుము పట్టి ఉండొచ్చు. మెత్తటి టూత్‌బ్రష్‌కి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు వేసి రుద్ది, బాగా ఆరాకే ఛార్జర్ పెట్టు.

కొత్త కేబుల్, ఆ సీసా, భీమాలి తాండ్ర అరకేజీ, అమ్మ చేసిన కరివేపాకు పొడి డబ్బాలో సర్ది టేపు వేశాను. పైన అడ్రసు ఇంకా రాయలేదు.

నాన్న