కుదుపుల హెచ్చరిక తెలుగులోనూ వినిపించాలి

సంపాదకులకు,

అయ్యా,

కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి బతుకుదెరువు కోసం కువైట్ వెళ్ళేవారిలో చాలామంది చెన్నైలోనో బెంగళూరులోనో జీవితంలో మొదటిసారి విమానం ఎక్కుతారు. ఆకాశంలో విమానం ఒక్కసారిగా కుదుపులకు లోనైనప్పుడు ఏం చేయాలో వారికి తెలిసిన భాషలో చెప్పే ఏర్పాటు ఉండాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

గత వేసవిలో నేను ప్రయాణించిన ఒక గల్ఫ్ విమానంలో సీటు బెల్టులు పెట్టుకోమని ఇంగ్లీషులోనూ హిందీలోనూ ప్రకటించారు. నా వరుసలో కూర్చున్న ఇద్దరు మహిళలు ఆ మాట అర్థంకాక, కుదుపులు మొదలవగానే విమానం పడిపోతోందని భయపడి లేచి నిలబడ్డారు. తెలుగులో నచ్చజెప్పిన తరువాతే కూర్చుని బెల్టు పెట్టుకున్నారు.

నిజానికి కుదుపుల వల్ల విమానం కూలిపోవడం అత్యంత అరుదు. ఎంతో ఒత్తిడికి వంగినా విరగని విధంగా రెక్కలను నిర్మిస్తారు. పైలట్లు కూడా అటువంటి వేళ వేగాన్ని తగ్గిస్తారు. ప్రమాదమల్లా లోపల బెల్టు లేకుండా ఉన్నవారికే. విమానం హఠాత్తుగా కిందికి జారినప్పుడు అటువంటి మనిషి దానితోపాటు దిగక పైకప్పుకు కొట్టుకుని, మరుక్షణం కింద పడతాడు. 2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం మయన్మార్ మీదుగా వస్తుండగా 5 సెకన్లలోపే 178 అడుగులు కిందికి జారిందని ప్రాథమిక దర్యాప్తులో తేలింది. ఆ ఘటనలో 73 ఏళ్ళ ప్రయాణికుడు మరణించగా, ఎందరికో తలకు, వెన్నెముకకు గాయాలయ్యాయి. విమానం మాత్రం బ్యాంకాక్‌లో క్షేమంగా దిగింది.

బెల్టు గుర్తు వెలిగినప్పుడు పెట్టుకుంటే చాలుననే అభిప్రాయం చదువుకున్నవారిలోనూ ఉంది. విమానంలోని వాతావరణ రాడార్ మేఘాలలోని నీటి బిందువులను పసిగట్టి ఉరుముల మేఘాలను ముందే చూపుతుంది గానీ, మేఘమే లేని నిర్మలాకాశంలో గాలి వేగాల తేడా వల్ల పుట్టే కుదుపులను చూపలేదు. ఇటువంటి తీవ్రమైన కుదుపులు 1979 నుంచి 2020 నాటికి ఉత్తర అట్లాంటిక్ గగనతలంలో 55 శాతం పెరిగాయని బ్రిటన్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో వెల్లడించారు. కాబట్టి గుర్తు ఆరిపోయినా, కూర్చున్నంతసేపూ, నిద్రపోయేటప్పుడు సైతం బెల్టు ఉంచుకోవాలన్న మాటే అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పవలసినది.

తెలుగువారు ఎక్కువగా ప్రయాణించే గల్ఫ్ విమానాలలో ఈ మాటను ముందే రికార్డు చేసి తెలుగులో వినిపించడం విమానయాన సంస్థలకు పెద్ద ఖర్చు కాదు. విదేశాలకు పనికి వెళ్ళేవారికి విదేశాంగ శాఖ ఇప్పించే ముందస్తు అవగాహన శిక్షణలో కూడా, అక్కడి చట్టాలు, వేతనాల సంగతులతోపాటు, ఒక నిజమైన సీటు బెల్టును చేతికిచ్చి పెట్టుకోవడం, విప్పడం నేర్పించాలని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కడప