అమ్మ సంవత్సరీకం, అందరూ చదవండి

అన్నయ్యా, వదినా, చెల్లాయ్, పిల్లలూ,

అమ్మ సంవత్సరీకం వచ్చే ఆదివారమే. తిథి ప్రకారం కదా, అందుకే ఇంగ్లీషు తేదీ కంటే దాదాపు 11 రోజులు ముందొచ్చింది, కంగారు పడకండి.

ఉదయం 6 గంటలకి రాజమండ్రి కోటిలింగాల రేవు దగ్గర కలుద్దాం. గోదావరి స్నానాలయ్యాక ఇంట్లో తద్దినం. భోక్తల భోజనం అయ్యాకే మనం తినేది, చిన్నపిల్లలకి పాలు, అరటిపళ్లు దగ్గర పెట్టుకోండి.

సాయంత్రం 4కి వసారాలో కూర్చుని అమ్మ గురించి మాట్లాడుకుందాం. ఒక్కొక్కరూ ఒక్క జ్ఞాపకమైనా చెప్పాలి. నాకైతే, వేసవి సెలవులకి మనం వస్తున్నామంటే పొద్దున్నుంచీ అరుగు మీద కూర్చుని వచ్చే ప్రతి రిక్షా వైపూ చూడటం, తిరిగెళ్ళేటప్పుడు ఆవకాయ సీసా మూతకి గుడ్డ కట్టి "నూనె కారుతుంది, నిలబెట్టి పట్టుకెళ్ళు" అనడం, ఇవే కళ్ళ ముందుంటాయి.

అమెరికాలో ఉన్న పిల్లలు నానమ్మ గురించో అమ్మమ్మ గురించో శనివారంలోపు వాయిస్ మెసేజ్ పంపండి, అందరికీ వినిపిస్తాను. పాత ఫొటోలుంటే వెనక పేర్లు రాసి తీసుకురండి.

ఎంతమంది వస్తున్నారో గురువారం రాత్రికల్లా ఇక్కడే చెప్పండి, వంటవాళ్ళకి చెప్పాలి. అన్నయ్యా, అమ్మ మరచెంబు నీ దగ్గరే ఉంది, మర్చిపోకు.