పండక్కి వచ్చి పెద్దవాళ్ళకి పరీక్షలు పెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతి దగ్గర పడింది, హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ వచ్చే కార్లతో మా కోనసీమ ఊళ్ళు నిండిపోతాయి, సంతోషమే. కానీ అల్జీమర్స్ ఉన్న మనిషిని చూసుకునే ఇంట్లో ఆ నాలుగు రోజులు ఎలా గడుస్తాయో వచ్చేవాళ్ళకి తెలీదు. అందుకే ఈ ఉత్తరం భోగికి ముందే వేయమని నా మనవి.

మా అత్తయ్యగారి గదిలో అడుగు పెట్టగానే ప్రతివాళ్ళూ అడిగేది ఒకటే: "నేనెవరో చెప్పు చూద్దాం?" ఆవిడ తడబడతారు. మర్యాద తెలిసిన మనిషి కాబట్టి "తెలీకేం, అందరూ బాగున్నారా" అని దాటేస్తారు, అక్కడితో వదిలేస్తారా అంటే వదలరు, "అయితే నా పేరేంటి?" అంటారు. వెనకాల ఎవరో నవ్వుతారు. కాసేపటికి ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంటారు, ఆ పూట అన్నం ముట్టరు. వచ్చినవాళ్ళు మాత్రం "పాపం, ఎవర్నీ గుర్తుపట్టట్లేదు" అనుకుంటూ హాల్లో కూర్చుని పూతరేకులు తింటారు.

ఈ జబ్బు మెదడులో సాధారణంగా ముందు దెబ్బతీసేది కొత్త సంగతుల్ని దాచుకునే భాగాన్ని. అందుకే పొద్దున కాఫీ తాగారో లేదో ఆవిడకి తెలీదు గానీ, 1986 గోదావరి వరదలకి ధాన్యం బస్తాలు ఎక్కడికి మోయించారో, 1996 తుపానుకి మా దొడ్లో ఏ కొబ్బరిచెట్టు ఎటు పడిందో పూసగుచ్చినట్టు చెబుతారు. అవి అడగండి. అంతకంటే ముందు ఎదురుగా కూర్చుని, టీవీ కట్టేసి, మీ పేరు మీరే చెప్పండి: "అత్తయ్యా, నేను మీ తమ్ముడి కూతుర్ని, పాలకొల్లు నుంచి వచ్చాను." ఒక్కసారికి ఒక్క మాటే అడగండి, జవాబుకి కాస్త ఆగండి. నలుగురూ మంచం చుట్టూ చేరి ఒకేసారి మాట్లాడితే బాగున్నవాళ్ళకే బుర్ర తిరుగుతుంది. అడిగిందే మళ్ళీ అడిగితే "ఇందాకే చెప్పాను కదా" అనొద్దు, ఆవిడకి అది మొదటిసారి అడగడమే.

మావయ్యగారు పోయి చాలా కాలమైంది. సాయంత్రం అయ్యేసరికి "ఆయన ఇంకా చేలోంచి రాలేదేం" అని అడుగుతారు. పోయిన పండక్కి ఒకాయన, మంచివాడే, నిజం చెప్పాలనుకుని "ఆయన ఎప్పుడో పోయారు కదా" అనేశారు. ఆవిడ ఆ కబురు అప్పుడే విన్నట్టు ఏడ్చారు. ఎందుకు ఏడ్చారో కాసేపటికి మర్చిపోయారు గానీ, దిగులు మాత్రం రాత్రంతా పోలేదు. నేనైతే "మావయ్యగారికి ఏ కూర ఇష్టమండీ?" అని అడుగుతాను, గుత్తివంకాయ దగ్గర మొదలెట్టి ఎక్కడికో వెళ్ళిపోతారు. ఇది మోసం కాదా అని నన్ను నిలదీసినవాళ్ళు ఉన్నారు. ఆయన వస్తారని నేను చెప్పట్లేదు, ఆయన గురించి మాట్లాడనిస్తున్నాను, అంతే.

పొద్దు గుంకాక కంగారు ఎక్కువవుతుంది, "మా ఇంటికి పోతాను" అని చీరలు మూట కడతారు. మాది డెల్టా, ఎటు నడిచినా కాలవో, బోదో, చెరువో అడ్డొస్తుంది. పండగ రోజుల్లో గేటు ఎవరు తీశారో ఎవరు మూశారో తెలీదు, దయచేసి వచ్చినవాళ్ళు గడియ పెట్టండి. చీర కొంగుకి లోపలివైపు మా ఫోన్ నంబరు ఉన్న గుడ్డముక్క కుట్టాను, ఇలాంటి మనిషి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ పని చేయొచ్చు.

వైద్యం సంగతి. ఉన్న మాత్రలు కొందరికి కొంతకాలం పనిచేస్తాయి, జబ్బుని నయం చేయవు. వాట్సాప్‌లో కొబ్బరినూనెతో జ్ఞాపకశక్తి తిరిగొస్తుందని పంపేవాళ్ళకి, కొబ్బరితోటలే ఆధారంగా బతికే ఇంటి కోడలిగా చెబుతున్నాను, దానికి సరైన రుజువు లేదు. అలాగని "వయసైపోయింది, ఇంతేలే" అని మొదట్లోనే వదిలేయడం ఇంకా తప్పు. థైరాయిడ్ తేడా, బి12 లోపం, డిప్రెషన్ వల్ల కూడా మతిమరుపు వస్తుంది, వాటికి మందులున్నాయి, ముందు ఆ టెస్టులు చేయించాలి. రెండు మూడు రోజుల్లోనే మనిషి ఒక్కసారిగా మారిపోయి, అయోమయంగా, మగతగా ఉంటే జబ్బు ముదిరిందనుకోకుండా వెంటనే డాక్టరుకి చూపించాలి, యూరిన్ ఇన్ఫెక్షన్ అయినా కావచ్చు. పెద్దవాళ్ళ విషయంలో ఎవర్ని అడగాలో తెలీకపోతే ప్రభుత్వ ఎల్డర్ లైన్ 14567 ఉంది, ఉచితం.

చివరగా సలహాల గురించి. "నువ్వు చేసేది పుణ్యం అమ్మా" అంటారు, సరే, సంతోషం. పుణ్యం కంటే నాకు ఒక పూట ఖాళీ కావాలి. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడాలని ఉంది. మా బంధువుల్లో ఎవరైనా ఇది చదివి, ఆ పూట అత్తయ్యగారి దగ్గర కూర్చుంటామని ముందే ఫోన్ చేస్తే, భోజనం వండిపెట్టి, ఆవిడ మాత్రలు ఏవి ఎప్పుడు వేయాలో కాగితం మీద రాసిపెట్టి మరీ వెళ్తాను.

ఇట్లు,
ఒక కోడలు,
అంబాజీపేట దగ్గర