పిచ్చుక పెట్టెల లోపాలపై ఫిర్యాదు, డబ్బు వాపసు గురించి

నల్గొండ

కంపెనీ ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: మీ దగ్గర కొన్న 40 పిట్టగూటి పెట్టెలు వాడకానికి పనికిరాకపోవడం.

అయ్యా,

నల్గొండ, దేవరకొండ, మిర్యాలగూడ సర్కారు బడుల గోడలకు బిగించడానికి మీ దగ్గర 40 పెట్టెలు తెప్పించాం. అట్టపెట్టె మీద మూడు మాటలు అచ్చేశారు: "అన్ని పిట్టలకూ సరిపోతుంది", "వానకు తడిసినా చెడదు", "వేలాడదీస్తే చాలు". మూడూ తప్పే. ఎక్కడెక్కడ తప్పో స్కేలుతో కొలిచి రాస్తున్నాం. డిజైను చేసినవాళ్లకు ఈ ఉత్తరం తప్పక చూపించండి.

మొదట కంత సంగతి. మీ పెట్టెకు కంత అడ్డం 50 మిల్లీమీటర్లు ఉంది. ఊరపిచ్చుకకు 32 చాలు. 50 ఉంటే గోరింక హాయిగా దూరి, పిచ్చుక పరుచుకున్న కసవంతా బయటికి లాగేస్తుంది. పోనీ, గోరింకల కోసమే చేశారనుకుందామంటే లోపల అడుగు 10 సెంటీమీటర్లకు 10. గోరింక పిల్లలు నాలుగు పెరిగితే ఒకదాని మీద ఒకటి పడుకోవాలి. అంటే వాకిలేమో గోరింకది, గదేమో పిచ్చుకకే ఇరుకు.

కంత కింది అంచు నుంచి అడుగు వరకు లోతు 7 సెంటీమీటర్లే. ఇది అన్నిటికంటే ప్రమాదం. పిచ్చుక గడ్డీ ఈకలూ పరిచేసరికి అందులో సగానికి పైగా నిండుతుంది. పిల్లలు కంత అంచుకే వచ్చి కూర్చుంటాయి. కాకి ముక్కు పెట్టి లాగేసుకుంటుంది, లేదంటే మేత కోసం ఎగబడి అవే కిందపడతాయి. కనీసం 13 సెంటీమీటర్ల లోతు ఉండాలి. దానికి తోడు కంత కింద ఒక పుల్ల గుచ్చారు. ఎవరికది? పిచ్చుక గరుకు చెక్కను గోళ్లతో పట్టుకుని నేరుగా లోపలికి పోతుంది. పుల్ల మీద తీరిగ్గా నిలబడి లోపలికి తొంగిచూసేవి కాకి, గోరింక. ఫోటోలో ముద్దుగా కనబడుతుందని పెట్టినట్టుంది.

"వానకు చెడదు" అన్న చెక్క 6 మిల్లీమీటర్ల ఎండీఎఫ్. చెక్కపొట్టును జిగురుతో అదిమిన అట్ట అది. పలకల మీద రంగు వేశారు గానీ కోసిన అంచులకు వేయలేదు. నీళ్లు పీల్చేది అంచుల నుంచే. రెండు వానలకే అంచులు ఉబ్బి మేకులు వదిలేశాయి, 11 పెట్టెల అడుగులు ఊడి వేలాడుతున్నాయి. అడుగున నీళ్లు పోవడానికి ఒక్క బెజ్జం లేదు, పైన గాలాడే సందూ లేదు. కప్పుకు ఎర్రరంగు రేకు కొట్టారు. మే నెలలో మా దగ్గర 44, 45 డిగ్రీల ఎండ కొత్తేం కాదు. ఆ రేకు కింద, సన్నటి పలకల మధ్య, గాలి లేని డబ్బాలో గుడ్లు ఏమవుతాయో చెప్పడానికి పక్షి శాస్త్రం చదవక్కర్లేదు. లోపలి వైపూ నున్నటి రంగే పూశారు. ఎగరబోయే పిల్లకు గోడ ఎక్కడానికి పట్టు దొరకదు. రంపంతో 3 మిల్లీమీటర్ల లోతు గీతలు నాలుగు పెట్టినా సరిపోయేది.

కప్పు నాలుగు వైపులా మేకులతో బిగించేశారు. పిల్లలు ఎగిరాక పాత గూడు తీసేయాలంటే పెట్టె పగలగొట్టడమే దారి. తీయకపోతే అందులో పేలు, నల్లులు చేరతాయి.

"గూడు పరుపు" అని ఇచ్చిన దూది పొట్లం గురించి వేరే చెప్పాలి. అందులో మూరెడు పొడవు సింథటిక్ దారాలున్నాయి. అవి పిల్లల కాళ్లకు చుట్టుకుంటే కాలు వాచి కుళ్లుతుంది, పిల్ల గూట్లోనే చస్తుంది. ఆ పొట్లాలు మేం ఒక్కటీ వాడలేదు. పిచ్చుకకు కావలసిన కసవు అదే తెచ్చుకుంటుంది.

ఇక మీ సూచనల కాగితం. చెట్టు కొమ్మకు తాడుతో వేలాడదీయమన్నారు. గాలికి ఊగే డబ్బాలో పిచ్చుక స్థిరపడదు. అది గూనపెంకుల కింద, దూలాల సందుల్లో, మనుషుల మధ్య కాపురం చేసిన పిట్ట. దానికి గోడ కావాలి, సజ్జ నీడ కావాలి. పెట్టెకూ పెట్టెకూ 15 మీటర్ల దూరం ఉండాలన్నారు. గుంపుగా బతికే పిచ్చుకలకు మీటరు ఎడం చాలు. రోజూ తెరిచి చూడమన్నారు, కప్పుకేమో మేకులు కొట్టారు! పై అట్ట మీద పెట్టెలోకి దూరుతున్నట్టు గిజిగాణ్ణి అచ్చేశారు. గిజిగాడు బావి మీదికి వంగిన ఈతచెట్టుకో తుమ్మకొమ్మకో తన గూడు తానే అల్లుకుంటాడు, పెట్టె ముఖం చూడడు. పిగిలిపిట్టలూ చూడవు.

పనికొచ్చే పెట్టె ఎలా ఉండాలో కూడా రాస్తున్నాం. 18 మిల్లీమీటర్ల చెక్క, లేదా ఐఎస్ 710 ముద్ర (నీళ్లకు ఓర్చే ప్లైవుడ్‌కు వేసే ముద్ర) ఉన్న 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్. లోపల అడుగు 12 సెంటీమీటర్లకు 15, ఎత్తు 22. కంత 32 మిల్లీమీటర్లు, దాని చుట్టూ చిన్న రేకు బిళ్ల (లేకపోతే ఉడుత కొరికి పెద్దది చేస్తుంది). అడుగున నాలుగు మూలలా 6 మిల్లీమీటర్ల బెజ్జాలు, కప్పు కింద రెండు వైపులా గాలికి సందు. కప్పు చెక్కదే, ముందుకు వాలుగా, 5 సెంటీమీటర్లు బయటికి. ఒక పక్క పలకకు మడతబందు. మేకులు కాదు, స్క్రూలు. తాడు బదులు వెనక ఒక పట్టీ ఇస్తే నేలకు మూడు మీటర్ల ఎత్తున తూర్పు గోడకో ఉత్తరం గోడకో బిగించుకోవచ్చు. పడమటి ఎండ తగలకూడదు. మా ఊరి వడ్రంగి పనివాళ్లు ఇది పూటలో చేస్తారు.

మేం అడిగేవి ఇవి. 40 పెట్టెల పూర్తి డబ్బు వాపసు ఇవ్వాలి, తిరుగు రవాణా ఖర్చు మీరే పెట్టుకోవాలి. మీ సైటు నుంచీ అట్టపెట్టె నుంచీ ఆ మూడు మాటలు తీసేయాలి. దారాల దూది పొట్లాల అమ్మకం వెంటనే ఆపాలి. ముందువైపు పలక మార్చి పంపుతామని మీ ఫోను సిబ్బంది అన్నారు. ఉబ్బిన పెట్టెకు కొత్త పలక వేసి లాభం లేదు, అది మాకు సమ్మతం కాదు.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. లేకుంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాం. 5 లక్షల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు కూడా లేదు. కొలతల ఫోటోలు, బిల్లు, మీ సూచనల కాగితం జతచేశాం.

39 పెట్టెలు కట్టి సిద్ధంగా ఉంచాం, మనిషిని పంపి తీసుకెళ్లండి. నలభయ్యో దాంట్లో గోరింక గుడ్లు పెట్టింది. "వేరే పిట్ట చేరితే గూడు తీసి పారేయండి" అని మీ కాగితంలో ఉంది గానీ, 1972 వన్యప్రాణి చట్టం అడవి పక్షుల గుడ్లు పాడుచేయడాన్నీ గూళ్లు కదపడాన్నీ వేట కిందే లెక్కేస్తుంది. ఆ పెట్టె అడుగుకు ఇనుప తీగ చుట్టి నిలబెట్టాం. పిల్లలు ఎగరడానికి ఐదారు వారాలు పట్టొచ్చు. అవి వెళ్లాకే దించి పంపుతాం.

ఇట్లు,
నల్గొండ జిల్లా బడుల్లో పిట్టగూళ్లు అమర్చే బృందం సభ్యులు